కాలు విరిగిన నాలుగు

ముందు తుప్పుని చూడాలి.
ఎర్రగా, పొడిపొడిగా రాలితే అది నిన్నటిది,
ఉప్పునీళ్ళ తొట్లో వారం నానింది.
నల్లగా, పాతబెల్లంలా కరుచుకుని ఉంటే
తెచ్చినవాడికి స్టూలు వెయ్యొచ్చు.

తర్వాత కన్నం. పటాలం పారకి
కోడిగుడ్డులా సాగి ఉంటుంది, గుండ్రంగా కాదు.
కర్రకి ఇనప పొన్ను ఉండాలి.
పొన్నుకి బాయ్‌నెట్ తగిలించే చెవి కూడా ఉంటే
మందుపాతరల కోసం నేల గుచ్చి చూసిన రకం,
ధర రెట్టింపు.

ఆఖరికి ముద్ర. మూడు గీతలు
ఒకచోట కలిసే కాకికాలు, దాని కింద సంవత్సరం.
గరుకు కాగితం పెట్టి రుద్దకండి, దండం పెడతాను.
మెరుపెక్కే కొద్దీ ధర దిగుతుంది.

బరంపురం పెద్దబజారులో ముప్పై ఏళ్ళుగా ఇదే పని.
కలకత్తా నుంచి, పూనా నుంచి ఫొటోలు పంపి
"ఆచారిగారూ, అసలుదేనా?" అంటారు.
దొంగముద్ర నాకెలా తెలుస్తుందో
ఒక్కడూ అడగలేదు.

మా నాన్న వీరాచారి
రంగైలుండ తుక్కు వేలంలో
ముద్రలేని పారలు బస్తాలెక్కన కొని,
గోపాలపురం హోటళ్ళకొచ్చే దొరల కోసం
రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర
వాటికి పుట్టినతేదీలు కొట్టేవాడు.
పట్టకారు నా చేతిలో ఉండేది.
ఆయన నాలుగంకె అచ్చుకి కాలు విరిగింది, కొత్తది కొనలేదు.
మా అమ్మ ఇత్తడిబిందె మీద
పెళ్ళి సంవత్సరంలో ఇప్పటికీ కుంటుతోంది ఆ నాలుగు.

నిన్న గోపాలపురం నోళియా వాడ నుంచి
సూరాడ దానమ్మ వచ్చింది,
చేపలతట్టలో పాతవల కింద దాచి తెచ్చింది.
"మా మావ బర్మా రంగం నుంచి నడిసొచ్చినాడు బావూ,
బాంబులు పడిన ఏడు. అడివిలో తవ్వుకుంటా, తోవ సేసుకుంటా.
కూడా వొచ్చినోల్లందరూ సచ్చిపోనారు,
ఈ పారా ఆడూ మిగిలినారు.
ఏటిస్తావో సెప్పు. పడవ ఇంజను బాగుసేయించాల."

భూతద్దం పెట్టాను.
కాకికాలు. ఎడమగీత కొంచెం పొట్టి.
పంతొమ్మిదివందల నలభై నాలుగు.
రెండు నాలుగులూ కుంటివే.

జనం రంగం నుంచి నడిచొచ్చింది నలభై రెండులో.

అంటే ఆయన ఉత్తచేతులతో వచ్చుంటాడు.
ఉత్తచేతుల్ని ఎవరు నమ్ముతారు?
పాతికేళ్ళాగి, ఏదో సంతరోజున
మా నాన్న ముందు గొంతుక్కూర్చుని
ఒక ఇనపముక్క బేరమాడి ఉంటాడు.
ఏ సంవత్సరం కొట్టమంటావని నాన్న అడిగే ఉంటాడు.
నీకు తోసింది కొట్టు, అని ఉంటాడాయన.

ఇక ధర కట్టాలి.
ముద్ర అబద్ధం, సున్నా.
కర్ర విరిగిన తెడ్డు నరికి దూర్చింది, సున్నా.
ఇనుము కిలో నూటయాభై,
ఇవాళ్టి తుక్కు రేటుకి ముప్పై ఏడు రూపాయలు.
అంచు మీద బొటనవేలు పెట్టాను.
ఒకవైపే రెండంగుళాలు అరిగిపోయి ఉంది,
ఇసకలో కూరుకున్న పడవల కింద
ఇంటిల్లిపాదీ యాభై ఏళ్ళు తవ్వితే అరిగే వైపు.
ఆ అరుగుదల
మా నాన్న కూడా కొట్టలేడు.

"ఏటి, నిజిందేనా?"
తుప్పు నిజమే, అన్నాను.
చేప కన్ను చూసి ఏ పూట పట్టిందో చెప్పే మనిషి
నా కళ్ళలోకి చూసింది.
"ముద్దర సూసినకాడ్నించి నీ మొకం మారిపోనాది."

గోడ మీద గడియారం కాసేపు మాట్లాడింది.

"ఆ అంకెలేటో సదువు. మా ఇంట్లో ఎవులికీ రాదు."

పారని వెలుతురుకి తిప్పాను.
"నలభై రెండు," అన్నాను.
సుత్తి లేకుండా.

"అయితే అమ్మన్లే," అని
వల కప్పి, తట్ట నెత్తికెత్తుకుంది.
ఇంజను సంగతి
ఇద్దరం ఎత్తలేదు.